ముహూర్తం వేళ సంచి ఎవరి దగ్గరుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పెళ్లిళ్ల సీజను దగ్గర పడుతోంది కాబట్టి ఈసారి కెమెరా సామాన్ల భద్రత మీద ప్రశ్నలు పంపమన్నాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. ఉత్తరాలన్నీ చదివాక ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. తాళాలు పగలగొట్టి ఎత్తుకెళ్లిన వాటికన్నా, సంచిని ఎవరూ చూడని నాలుగైదు నిమిషాల్లో పోయినవే ఎక్కువ.

ప్రశ్న: స్టేజీ పక్కన పెట్టిన బ్యాగు తలంబ్రాల టైములో మాయమైంది. టీములో ఉండేదే ముగ్గురం, ముగ్గురికీ చేతినిండా పని. ఇంక బ్యాగు ఎవరు చూడాలి? మండపం వాళ్లు మాకేం సంబంధమన్నారు. పెళ్లివాళ్లూ అదే మాట.
– పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, ప్రొద్దుటూరు

ముగ్గురూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే లెక్క. పొద్దున సామాను దించినప్పటి నుంచి రాత్రి బండెక్కించేదాకా, ఏ గంటలో అడిగినా 'బ్యాగు ఫలానా వాడి దగ్గరుంది' అని ఒక్క పేరు చెప్పగలగాలి. మిగతా జాగ్రత్తలు దాని తర్వాతే.

పెళ్లిలో దొంగ దొంగలా రాడు. ఇస్త్రీ చొక్కాతోనో పట్టుచీరతోనో వస్తాడు. ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివాళ్ల తరఫు మనిషనుకుంటారు, వాళ్లేమో వీళ్ల తరఫు అనుకుంటారు. కొన్ని ముఠాలు పిల్లల చేత బ్యాగు ఎత్తిస్తాయి. స్టేజీ వెనక తిరిగే పిల్లల్ని ఎవరూ ఆపరు కదా.

పోయే వేళలు మూడు. మొదటిది జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల దాకా. అందరి కళ్లూ వధూవరుల మీదే, మీ కన్ను వ్యూఫైండర్‌లో. రెండోది మీ భోజనాల వేళ. మూడోది అర్ధరాత్రి సర్దుకునేటప్పుడు. ఒకరు బండి తేవడానికి పోతారు, ఒకరు వైర్లు చుడుతుంటారు, బ్యాగులేమో గేటు దగ్గర మెట్ల మీద వరసగా పెట్టి ఉంటాయి. ఈ మూడోదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఒళ్లు అలిసిపోయి, పని అయిపోయిందన్న ఊరట ఉంటుంది. అందుకే అది చెడ్డ వేళ.

ఇక ఏం చేయాలి. ముందు బ్యాగులో ఉండేదాన్ని తగ్గించండి. ఒక కెమెరా బాడీకి 24-70 లెన్సు, ఇంకో బాడీకి 70-200 లెన్సు బిగించి ఒంటి మీదే వేసుకోండి. అదనపు బ్యాటరీలు, కార్డులు నడుము పౌచ్‌లో పెట్టండి. మిగిలిన లెన్సులు, ఫ్లాషులు, చార్జర్లు గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఆ పెట్టెను స్టేజీ పక్కన పెట్టొద్దు, విడిది గదిలో అసలే వద్దు. నగలున్న గది భద్రమనుకుంటారు గానీ అక్కడికి వచ్చీపోయేవాళ్లను అడిగేవాడుండడు. ఎల్‌ఈడీ వాల్ ఉన్న పెళ్లయితే, ఆ తెర మీదికి వీడియో పంపే మిక్సింగ్ టేబుల్ కిందే దాని చోటు. ఆ ఆపరేటర్ ముహూర్తం టైములో కుర్చీ వదలడు. పెట్టె పిడిలోంచి రెండు మీటర్ల ఉక్కు కేబుల్ తాళం దూర్చి, కట్టడంలో భాగమైన ఇనప స్తంభానికి బిగించండి. డెకరేషన్ వాళ్లు నిలబెట్టిన పైపుకి కట్టొద్దు, పైకెత్తితే ఊడొస్తుంది. మిక్సింగ్ లేకపోతే ట్రైపాడ్ మీద నిలకడగా వీడియో తీసేవాడు ఆ పెట్టె మీదే నిలబడి తీయొచ్చు. ఎత్తూ దొరుకుతుంది, కాపలా కూడా అయిపోతుంది.

మండపంలో అడుగుపెట్టగానే మేనేజర్‌ని సీసీ కెమెరాలు ఎటు చూస్తున్నాయో అడగండి. చాలా చోట్ల గేటు మీదా, ఆఫీసు గది మీదా ఉంటాయి, స్టేజీ వెనక ఏమీ ఉండదు. వీలైతే పెట్టెను కెమెరా చూపులో పడేలా పెట్టండి. ఏదైనా పోతే ఆ రాత్రే మేనేజర్‌కి కాగితం రాసిచ్చి రికార్డింగ్ చెరిగిపోకుండా ఆపమనండి. డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి.

భోజనాలకు రెండు బంతులుగా వెళ్తామని బుకింగ్ కాగితంలోనే రాయండి. అప్పటికప్పుడు చెబితే పెళ్లివాళ్లు 'అందరూ ఒకేసారి కూర్చోండి బాబూ' అంటారు, కాదనలేక కూర్చుంటారు.

సర్దేటప్పుడు బండి గేటు దగ్గరికి వచ్చాకే సామాను హాలు దాటాలి. ఒకరు బండి తలుపు పక్కనే నిలబడి లెక్క పెట్టాలి, తాళం పడేదాకా కదలకూడదు. లెక్కకు జాబితా పెట్టె మూత లోపల అంటించండి: బాడీలు ఎన్ని, లెన్సులు ఎన్ని, ట్రిగ్గర్లు ఎన్ని. ఫ్లాషును దూరం నుంచి వెలిగించే, స్టాండుకి వేలాడే ట్రిగ్గర్లు, రిసీవర్లు దొంగతనంలో కన్నా మరుపులో ఎక్కువ పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కార్డు. లెన్సు పోతే డబ్బు పోతుంది, మళ్లీ కొనుక్కోవచ్చు. తాళి కట్టిన ఫొటో మళ్లీ తీయలేం. కెమెరాకు రెండు స్లాట్లుంటే రెండింటిలోనూ ఒకే ఫొటో పడేలా బ్యాకప్ మోడ్‌లో పెట్టండి. ముహూర్తం కాగానే ఒక కార్డు తీసి మీ జేబులో, రెండోది అసిస్టెంట్ జేబులో వేసుకుని కొత్తవి పెట్టండి. ఇద్దరూ ఒకే బండిలో వెళ్లినా కార్డులు మాత్రం వేరు జేబుల్లోనే ఉండాలి.

ప్రశ్న: ఫోను పోతే ఐఎంఈఐ నంబరుతో పట్టుకుంటున్నారు. కెమెరాను కూడా అలా పట్టుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

పట్టుకోలేరు. కెమెరాలో సిమ్ ఉండదు, టవర్‌తో మాట్లాడదు. పోయిన ఫోన్ల కోసం కేంద్రం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్ ఫోన్లకే పనికొస్తుంది.

కెమెరాకున్న గుర్తు సీరియల్ నంబరు ఒక్కటే. బాడీకి చాలావరకు అడుగున, కొన్ని మోడళ్లలో తిరిగే స్క్రీన్ వెనక ఉంటుంది. లెన్సుకు గొట్టం మీదో, మౌంటు దగ్గరో చెక్కి ఉంటుంది. ఈ రోజే ప్రతి వస్తువునూ బోర్లించి నంబరు కనిపించేలా ఫోనులో ఫొటో తీయండి. బిల్లు, డబ్బా మీది స్టిక్కరు, వస్తువు మీది నంబరు మూడూ ఒకటేనా చూడండి. డబ్బాలు తారుమారైన ఇళ్లు చాలా ఉంటాయి. ఆ ఫొటోలు ఫోనులోనే ఉంచితే లాభం లేదు, ఫోను కూడా అదే బ్యాగులో పోవచ్చు. మీ మెయిల్‌కి మీరే పంపుకోండి.

బిల్లు పారేసుకున్నా ఒక దారుంది. కేనన్, నికాన్ లాంటి కెమెరాలు తీసిన ప్రతి ఫొటోలోనూ బాడీ నంబరును లోపల రాసిపెడతాయి. పాత ఫొటో ఒరిజినల్ ఫైలును ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే అది కనిపిస్తుంది. ఫైలు కార్డు నుంచి నేరుగా కాపీ చేసుకున్నదై ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన దాంట్లో ఆ సమాచారం ఉండదు. కెమెరా మెనూలో కాపీరైట్ సమాచారం అని ఉంటుంది, అక్కడ మీ పేరు, ఫోన్ నంబరు ఎక్కించండి. దొంగను అది ఆపదు గానీ, దొరికిన కెమెరా మీదేనని చెప్పడానికి సాక్ష్యం అవుతుంది.

ప్రశ్న: మెయిన్ రోడ్డులో స్టూడియో పెట్టాను. షట్టరుకి రెండు పక్కలా తాళాలున్నాయి. సీసీ కెమెరాలు నాలుగు పెట్టించాలనుకుంటున్నాను. ఇది చాలా?
– స్టూడియో యజమాని, ఆదోని

ముందు షట్టరు సంగతి చూద్దాం. రెండు పక్కలా తాళాలు పెద్దవే ఉంటాయి, నడుమ రేకు మాత్రం ఖాళీగా ఉంటుంది. గునపంతోనో కారు జాకీతోనో నడుమ ఎత్తితే రేకు విల్లులా వంగి, సన్నటి మనిషి దూరేంత సందు వస్తుంది. పక్క తాళాలు చెక్కుచెదరవు. అందుకే నడుమ తాళం, అంటే సెంటర్ లాక్ తప్పదు. దాని కొక్కెం నేలలో కాంక్రీటులో పాతి ఉండాలి, పైపైన స్క్రూలతో బిగిస్తే ఒక్క గుంజుకి ఊడొస్తుంది. షట్టరు లోపల ఇనప చానల్ గేటు ఉంటే ఇంకా మంచిది. ఒక అడ్డంకికి రెండోది తోడైతే చప్పుడు, సమయం రెండూ పెరుగుతాయి. ఆ రెండూ దొంగకు గిట్టవు.

రాత్రి షోకేసులో కెమెరాలు వదలొద్దు. లోపలి గదిలో స్టీలు బీరువా పెట్టి, వెనక నుంచి గోడకు నాలుగు 10 ఎంఎం యాంకర్ బోల్టులు వేయించండి. బిగించని బీరువాను వెల్లకిలా పడేసి తలుపు సందులో గునపం పెడితే నిమిషాల్లో తెరుచుకుంటుంది. నిలబడి ఉన్నదానికి అంత బలం పట్టించలేరు.

సీసీ కెమెరాల్లో జరిగే తప్పు ఎత్తు. పన్నెండడుగుల ఎత్తున పెడితే వచ్చినవాడి నడినెత్తే కనిపిస్తుంది. మూడు కెమెరాలు పైన పెట్టినా, ఒకటి తలుపు దగ్గర ఆరేడు అడుగుల ఎత్తున ముఖం పడేలా ఉండాలి. లోపలి నుంచి రోడ్డు వైపు చూసే కెమెరాకు పగలు వెలుతురు ఎదురై ముఖం నల్లగా పడుతుంది, దానికి డబ్ల్యూడీఆర్ (ఎదురు వెలుగులోనూ ముఖం కనిపించేలా చేసే సదుపాయం) ఉన్నది తీసుకోండి. అద్దం వెనక నుంచి బయటికి గురిపెట్టొద్దు. రాత్రి దాని ఇన్ఫ్రారెడ్ వెలుగు అద్దం మీద తిరగబడి తెల్ల మచ్చ తప్ప ఏమీ కనబడదు.

దృశ్యాలు రికార్డయ్యే పెట్టె డీవీఆర్‌ను టేబుల్ మీద పెడితే దొంగ దాన్నే ముందు తీసుకుపోతాడు. అటక మీదో, బీరువాలోనో దాచి, గాలి ఆడేలా చూసి, ఇన్వర్టర్ లైనుకి కలపండి. ఇక డిస్కు: 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు సుమారు 21.6 జీబీ, నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్కు పది, పదకొండు రోజులకు నిండుతుంది. రెక్కీ చేసినవాడు వారం పది రోజుల ముందే గిరాకీలా వచ్చి పోయుంటాడు. అందుకే 2 టీబీ పెట్టించుకోండి. నెలకోసారి గడియారం సరిచూడండి. టైము తప్పుంటే కోర్టులో ప్రతివాది లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

ప్రశ్న: కెమెరాలు, లెన్సులు అద్దెకిస్తుంటాను. ఆధార్ జిరాక్సు ఇచ్చి రెండు రోజులకని తీసుకున్నవాడు ఫోన్ ఆపేశాడు. స్టేషనుకు పోతే 'మీరే ఇచ్చారు కదా, ఇది సివిల్ మేటర్' అన్నారు. నిజమేనా?
– అద్దె సామాన్ల వ్యాపారి, కడప

కాదు. మీరు ఇష్టపడి ఇచ్చారు కాబట్టి దొంగతనం సెక్షన్ సరిపోకపోవచ్చు. అంతమాత్రాన నేరం కాకుండా పోదు. నమ్మి అప్పగించిన వస్తువును సొంతం చేసుకోవడం నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వస్తుంది. తీసుకునేటప్పుడే దొంగ పేరు, దొంగ ఆధార్ ఇచ్చి ఉంటే మోసం, అది 318వ సెక్షన్. ఫిర్యాదులో 'కెమెరా పోయింది' అని రాయకండి. ఏ తేదీన, ఏ నంబరు వస్తువును, ఏ రోజు తిరిగిస్తానన్న మాట మీద, ఎంత అద్దెకు ఇచ్చారో, తర్వాత ఏ రోజుల్లో ఫోన్ చేశారో వరసగా రాయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపొచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ఆ వీలు కల్పించింది. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

ఇకపై ఇచ్చేటప్పుడు జిరాక్సును నమ్మొద్దు. ఫొటో, పేరు మార్చి ప్రింటు తీయడం పెద్ద పని కాదు. ఒరిజినల్ కార్డు మీది క్యూఆర్‌ను ఆధార్ సంస్థ సొంత యాప్‌తో స్కాన్ చేస్తే అసలు పేరు, ఫొటో వస్తాయి. ఎదుటి మనిషి ముఖంతో పోల్చండి. అడ్వాన్సు నగదుగా కాకుండా అతని సొంత యూపీఐ నుంచే తీసుకోండి, బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. రెండు పేర్లూ కలవకపోతే సామాను ఇవ్వొద్దు. సీరియల్ నంబర్లతో ఒప్పందం రాయించి సంతకం పెట్టించండి. వస్తువులు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి తీయండి. కొత్త మనిషికి మొదటిసారే లక్షన్నర సామాను ఇవ్వొద్దు. ఒక ఫ్లాషు, ఒక చిన్న లెన్సు అడిగి నమ్మకంగా తిరిగిచ్చి, మూడోసారి మొత్తం కిట్టు పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. కాబట్టి పాత గిరాకీ అయినా కాగితం మానొద్దు.

ప్రశ్న: కడప వైపు, బెంగళూరు వైపు రాత్రి రైళ్లలో తిరుగుతుంటాను. చైనుతో కట్టి పడుకుంటే చాలా?
– గుంతకల్లు

చైను మంచిదే, కింది బెర్తు అడుగున దానికోసమే కొక్కేలు ఉంటాయి. కానీ గుడ్డ బ్యాగుకు చైను వేస్తే పట్టీ కోసేస్తారు. పట్టీ కోయకపోయినా జిప్పు ఉంది. పళ్లు ప్లాస్టిక్ చుట్టతో ఉండే జిప్పులో బాల్ పెన్ను మొన గుచ్చితే పళ్లు విడిపోతాయి. లోపలిది తీసుకుని, తాళం వేసిన రన్నర్లనే అటూ ఇటూ లాగితే జిప్పు మళ్లీ మూసుకుంటుంది. తాళం తాళంలాగే ఉంటుంది, ఇంటికి వచ్చి తెరిచాకే లెన్సు లేదని తెలుస్తుంది.

కాబట్టి పై బెర్తు తీసుకోండి. బ్యాగును గోడకూ మీకూ మధ్య పెట్టి పట్టీని చేతికి చుట్టుకోండి. కంపెనీ పేరున్న బ్యాగు, పట్టీ రెండూ లోపల సరుకేమిటో చెప్పేస్తాయి. పట్టీ మార్చండి, కెమెరా బ్యాగును మామూలు కాలేజీ బ్యాగులో దూర్చండి. గుత్తి, గుంతకల్లు లాంటి జంక్షన్లలో బండి ఆగినప్పుడు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కలిసే ఆ కాసేపు మెలకువగా ఉండటం అవసరం.

పోయినట్టు దారిలోనే తెలిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. టీటీఈని గానీ, రైల్లో ఉండే పోలీసును గానీ ఫారం అడిగి నింపి ఇవ్వొచ్చు, దిగి స్టేషను వెతుక్కోనక్కర్లేదు. రైల్వే డబ్బు కట్టిస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మీ వెంట ఉంచుకున్న సామానుకు వాళ్ల సిబ్బంది నిర్లక్ష్యం రుజువైతేనే వాళ్లది బాధ్యత.

బస్సుల్లో డిక్కీలో వేయొద్దు. హైవే మీద ధాబా దగ్గర దిగితే బ్యాగు మీతోపాటే దిగాలి.

ప్రశ్న: ప్రీవెడ్డింగ్ షూటుకు గండికోట రమ్మని కొత్త నంబరు నుంచి ఫోన్. అడ్వాన్సు ఎంతైనా ఇస్తామంటున్నారు. పోవాలా వద్దా?
– జమ్మలమడుగు

ఆ అనుమానం మంచిదే. 2024లో విశాఖపట్నం యువ ఫొటోగ్రాఫర్ ఒకరిని షూటు పేరుతో కోనసీమ వైపు పిలిపించి, కెమెరాల కోసం చంపేశారు. పెన్నా లోయ అంచు సాయంత్రం అయ్యేసరికి నిర్మానుష్యం అవుతుంది, కేకేసినా పలికేవాడుండడు.

ఫోనులో మూడు అడగండి: పెళ్లి ఏ తేదీ, ఏ మండపం, అమ్మాయి తరఫు పెద్దవాళ్ల నంబరు. తర్వాత ఆ మండపానికి మీరే ఫోన్ చేసి ఆ తేదీన ఆ పేరుతో బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి. నిజంగా పెళ్లి ఉన్నవాళ్లు ఇందుకు నొచ్చుకోరు. నిజమైన గిరాకీ ఆల్బమ్ గురించి, రేటు గురించి బేరమాడతాడు. ఏ బాడీ తెస్తారు, ఏ లెన్సు తెస్తారు, డ్రోన్ ఉందా అని సామాను గురించే గుచ్చిగుచ్చి అడిగి రేటు ఊసెత్తనివాడిని నమ్మొద్దు. వాళ్ల బండిలో ఎక్కొద్దు. ఇద్దరికి తగ్గకుండా వెళ్లండి, లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు పెట్టండి, పొద్దున వెలుగులోనే షూటు పెట్టుకోండి. అడ్డగిస్తే సామాను ఇచ్చేయండి. ప్రాణం కన్నా ఏ లెన్సూ ఎక్కువ కాదు. బయటపడగానే 112.

కారులో వెళ్తే సామాను డిక్కీలోకి మార్చడం ఊళ్లోనే చేసుకోండి. పార్కింగులో దిగి అందరి ముందూ డిక్కీ తెరిచి పెడితే ఎక్కడుందో చూపించినట్టే. ఎండాకాలం ఎక్కువసేపు వదలనూ వద్దు, మూసిన కారు వేడికి బ్యాటరీలు పాడవుతాయి.

ప్రశ్న: ఇన్సూరెన్సు ఉంది. షాపు తాళం పగలగొట్టకుండా పెళ్లిలో పోయిందని క్లెయిము తిప్పి పంపారు. ఇది న్యాయమా?
– కర్నూలు

మీ దగ్గరున్నది బర్గలరీ పాలసీ అయి ఉంటుంది. దాని షరతు బలవంతపు ప్రవేశం: తాళం, షట్టరు, కిటికీ ఏదో ఒకటి పగిలిన గుర్తుండాలి. అది షాపు నాలుగు గోడల మధ్య ఉన్నదానికే. ఊరూరా తిరిగే సామానుకు తీసుకోవాల్సింది ఆల్ రిస్క్ పాలసీ. ఇంటి పాలసీలో కెమెరా చేర్చుకుని దాంతో పెళ్లిళ్లు తీస్తుంటే, వృత్తి వాడకం చెప్పలేదని కొట్టేయొచ్చు. ముందే రాసివ్వండి.

ఆల్ రిస్క్ అన్నంత మాత్రాన అన్నీ వస్తాయనుకోవద్దు. మినహాయింపుల పేజీ చదవండి. మనిషి లేని బండిలోంచి పోవడం, ఎలా పోయిందో చెప్పలేని మాయం, మీరే అప్పగించిన మనిషి ఎత్తుకుపోవడం సాధారణంగా అక్కడే ఉంటాయి. అద్దెకిచ్చేవాళ్లకు మూడోది ప్రాణసంకటం.

విలువ తక్కువ రాయించి ప్రీమియం మిగుల్చుకోవడం ఇంకో దెబ్బ. ఆరు లక్షల సామాను మూడు లక్షలకే రాయించారనుకోండి. 80,000 లెన్సు పోతే మీరు సగమే బీమా చేశారు కాబట్టి 40,000 లెక్క కడతారు, అందులోంచి మీ వాటా కోత వేరే. అందుకే మొత్తంగా 'కెమెరా సామాగ్రి' అని ఒక్క ముక్క రాయించకుండా ప్రతి వస్తువూ నంబరు, విలువతో జాబితా కట్టించండి. కొత్త లెన్సు కొన్న వారంలోనే చేర్పించండి.

పోయాక: కంపెనీకి ఫోన్, మెయిల్ రెండూ ఆ రోజే. పోలీసు స్టేషన్‌లో అర్జీ తీసుకుని పంపితే కుదరదు, ఎఫ్‌ఐఆర్ నంబరు కావాలి. ఫిర్యాదుదారుడికి దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. వేరే ఊళ్లో పోయినా మీ ఊరి స్టేషన్‌లో ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. షాపులో పోయి ఉంటే వంగిన షట్టరును బీమా కంపెనీ సర్వేయరు చూసేదాకా బాగు చేయించొద్దు, అదే మీ సాక్ష్యం. చివర్లో ఆచూకీ దొరకలేదన్న పోలీసు నివేదిక అడుగుతారు, దానికోసం స్టేషను చుట్టూ తిరగక తప్పదు. కొట్టివేత అన్యాయమనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ తేలకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రాష్ట్రం ఆ కార్యాలయం కిందికే వస్తుంది, ఫీజు లేదు.

ప్రశ్న: బ్యాగులో ఎయిర్‌ట్యాగ్ వేస్తే దొంగ ఎక్కడున్నాడో తెలుస్తుందట కదా?
– తాడిపత్రి

ఎయిర్‌ట్యాగ్ అంటే వస్తువు ఎక్కడుందో చెప్పే ఆపిల్ కంపెనీ చిన్న బిళ్ల. దాంతో తెలియొచ్చు, అన్ని చోట్లా తెలియదు. దాంట్లో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. పక్కనుంచి పోయే ఐఫోన్లే దాని ఉనికిని మీకు చేరవేస్తాయి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర వెంటవెంటనే కనిపిస్తుంది, పల్లె దారిలో గంటల తరబడి పలకదు. ఆండ్రాయిడ్ ట్యాగులకూ ఇదే పరిమితి. పైగా వెంబడించే దుర్మార్గుల నుంచి జనాన్ని కాపాడటానికి, తెలియని ట్యాగు వెంట వస్తోందని దొంగ ఫోనుకే హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత బ్యాగు పారేసి కెమెరా పట్టుకుపోతాడు.

అయినా వేయండి. మొదటి గంట చాలా విలువైంది, మండపం బయట ఆటోలో ఉండగానే దొరకొచ్చు. పై జేబులో కాకుండా అడుగు స్పాంజి కింద కుట్టేయండి. బ్యాటరీ సీఆర్ 2032, ఏడాదికోసారి మార్చాలి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన రకాలు కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో సరిగా పనిచేయవు. మ్యాపులో చుక్క కనిపించింది కదా అని మీరు ఒక్కరే ఆ ఇంటి మీదికి పోవద్దు.

ప్రశ్న: దేవరగట్టు బన్ని ఉత్సవం తీయాలని ఉంది. ఆ జనంలో కెమెరా కాపాడుకునేదెలా?
– కర్నూలు

బ్యాగే వద్దు. ఒక బాడీ, ఒక జూమ్ లెన్సు, పట్టీ అడ్డంగా మెడలోంచి చంకలోకి. లెన్సు మార్చే పని పెట్టుకోవద్దు, జనంలో చేతులు రెండూ ఖాళీ లేని క్షణం అదే. కార్డులు జిప్పున్న లోపలి జేబులో. దసరా అర్ధరాత్రి కర్రలు, కాగడాల మధ్య దొంగ కన్నా తొక్కిడి ప్రమాదం, ఎత్తయిన చోటు ముందే చూసుకోండి.

ప్రశ్న: నా దగ్గర పోయిన లెన్సు లాంటిదే సెకండ్ హ్యాండ్ ప్రకటనలో కనిపించింది. ఫోన్ చేసి నిలదీయాలా?
– అనంతపురం

నిలదీస్తే ప్రకటన తీసేస్తాడు, నంబరు మారుస్తాడు. కొనేవాడిలాగే మాట్లాడండి. ముందు ప్రకటన లింకు, ఫొటోలు, అమ్మేవాడి నంబరు, తేదీతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తర్వాత 'వారంటీ చూసుకోవాలి, సీరియల్ నంబరు ఫొటో పెట్టన్నా' అని అడగండి. బాడీ కూడా అమ్ముతుంటే శాంపిల్ ఫొటో వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి. అలా వచ్చిన ఒరిజినల్‌లో నంబరు దొరకొచ్చు. కలిస్తే ఎఫ్‌ఐఆర్ నంబరుతో స్టేషనుకు వెళ్లి అప్పగించండి. బేరం కుదిరిందని చెప్పి మీరే పోవద్దు, డబ్బు పంపొద్దు.

కొనేవాళ్లకు కూడా ఒక మాట. బిల్లు లేదు, డబ్బా లేదు, చార్జర్ లేదు, ధర మాత్రం సగం అంటే ఆగండి. అమ్మేవాడి గుర్తింపు కార్డు, నంబరుతో రాసిన రసీదు లేకుండా కొనొద్దు. దొంగ సొత్తని తేలితే వస్తువు పోలీసులు తీసుకుంటారు, ఇచ్చిన డబ్బు వెనక్కి రావడం కష్టం. తెలిసి కొన్నారని రుజువైతే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

లెన్సు దొరికాక అది కేసు సొత్తు అవుతుంది. స్టేషను గదిలో నెలలు పడి ఉంటే ఫంగస్ పట్టి పనికిరాకుండా పోతుంది, కాబట్టి వెంటనే నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయండి. పట్టుబడ్డ వస్తువుల్ని ఊరికే స్టేషన్లలో మగ్గబెట్టకుండా, పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు మీద సొంతదారుకు ఇచ్చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీకి బిల్లు, నంబరు ఫొటో, ఎఫ్‌ఐఆర్ నకలు జత చేయాలి. అలా తెచ్చుకున్న లెన్సును కేసు ముగిసేదాకా అమ్మకూడదు, కోర్టు అడిగిన రోజు తెచ్చి చూపించాలి.